దానంతటదే ఆగుతుందనుకుంటే

కళ్యాణదుర్గం బస్టాండులో కండక్టరు, జయంతి ఆధార్ కార్డు చూసి, చేతిలోని మిషను నొక్కి, సున్నా రూపాయలని అచ్చయిన టికెట్టు చించి ఇచ్చాడు. ఇంకో రోజైతే దాన్ని ఉండచుట్టి కిటికీలోంచి పారేసేది. ఇవాళ అటూ ఇటూ తిప్పి చూసింది, వెనకవైపు సన్నక్షరాలేమైనా ఉన్నాయేమోనని. ఏమీ లేవు. అయినా మనసు ఊరుకోలేదు. "అన్నా, దీనికి మళ్లా ఏమన్నా పడుతుందా?" అని అడిగేసింది. కండక్టరు ఆమెను ఎగాదిగా చూసి, "ఏం పడుతుంది పాపా, ఆడోళ్లకి ఫ్రీ గదా! నీ ఊరొస్తే దిగిపో, అంతే," అని ముందుకు పోయాడు. దిగిపో, అంతే. ఎంత సులువుగా చెప్పాడు! ఉచితమని ఖాతా తెరిపించిన ఆ కంప్యూటర్ల కంపెనీవాడు ఎక్కించుకునేటప్పుడు ఇంతకంటే తియ్యగా మాట్లాడాడు, ఎక్కడ దిగాలో మాత్రం చెప్పలేదు. చెప్పామంటారు, ఎక్కడో లోపలి పేజీలో, ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో చెప్పామంటారు. చెప్పడమంటే అదా? పెళ్లికి పిలిచి, కొసరి కొసరి వడ్డించి, చేయి కడుక్కున్నాక విస్తరికింత అని బిల్లు చేతిలో పెట్టి, ఆ ముక్క శుభలేఖలో పసుపు మరక కింద రాశాం కదమ్మా అన్నట్టు లేదూ!

బస్సు కదిలింది. ఈ పల్లెవెలుగు ఎంతసేపు ఈడ్చుతుందో అని ప్రతిసారీ తిట్టుకునే మనిషి, ఇవాళ ఇది తొందరగా పోవాలో నెమ్మదిగా పోవాలో తేల్చుకోలేకపోయింది. ఊళ్లో అమ్మ మారెక్క ఖాతాలోంచి పదకొండు వేల చిల్లర పోయింది. మారెక్క గొర్రెపిల్లల్ని అమ్మి విత్తనకాయల కోసం దాచిపెట్టుకున్న డబ్బు. మొన్న వాన పడింది, ఈ యేటికి మొదటి మంచి వాన. పదును ఉండగానే గొర్రు తోలి విత్తాలి, ఆరిపోతే మళ్లీ ఆకాశం కేసి చూస్తూ కూర్చోవాల్సిందే. నిన్న పొద్దున్నే అమ్మ గఫూర్ మామ అంగడికి పోయి వేలిముద్ర పెడితే మిషను డబ్బు లేదని చూపించింది. అబ్దుల్ గఫూర్ ఆ ఊరికి బ్యాంకు మిత్ర. ఫోన్లకు రీచార్జీలు చేసుకుంటూ, బ్యాంకు ఇచ్చిన వేలిముద్ర మిషను బల్లమీద పెట్టుకుని, కంబదూరు దాకా పోలేనివాళ్లకు డబ్బు తీసిచ్చే మనిషి. వేలు పెట్టేది ఆయన దగ్గరే గనక తీసిందీ ఆయనే అని ఊరు పొద్దుగూకేలోపు తేల్చేసింది, ఆయన చేత ప్రమాణం చేయించాలంటున్నారని రాత్రి అమ్మ ఫోనులో చెప్పింది. ఆయన తీయలేదు. ఆ డబ్బు ఎక్కడికి పోయిందో తెలిసిన మనిషి ఈ భూమ్మీద జయంతి ఒక్కతే, అదీ ఇవాళ పొద్దున అనంతపురంలో, కాలేజీ ల్యాబులో ఆ కంపెనీ బిల్లు పేజీ తెరిచి చూశాక తెలిసింది. ఎవరికీ చెప్పకుండా సంచీ తీసుకుని బస్సెక్కింది. ఊరికి పోయి ఏం చెప్పాలో ఇంకా తెలియదు. అసలు చెప్పాలో వద్దో కూడా తెలియదు, అదే ఆమెను లోపల్లోపల కాలుస్తోంది.

ఎవరికీ చెప్పకుండా అంటే, కాలేజీలో ప్రాజెక్టు చూసే జాకబ్ సార్‌కి చెప్పింది, చెప్పి ఏం లాభం. బిల్లు చూసి ఆయన నెత్తి గోక్కున్నాడు. "ఖర్చు ఇంత దాటితే చెప్పమని హెచ్చరిక పెట్టుకోలేదామ్మా?" అన్నాడు, అదేదో పుట్టగానే అందరూ పెట్టుకునే పుట్టుమచ్చ అయినట్టు. పెట్టుకోమని మీరు చెప్పారా సారూ! ఖాతా తెరవమన్న రోజు మీ నోట్లోంచి ఆ మాట ఒక్కటంటే ఒక్కటి వచ్చిందా! ఆ రోజు ఎంత ఉత్సాహం ఆయనకు. ల్యాబులో కంప్యూటర్లు ముసలివైపోయాయి, వీటితో ప్రాజెక్టులు జరగవు, క్లౌడులో ఖాతా తెరవండి, విద్యార్థులకు ఉచితం, ఎక్కడో పెద్ద గిడ్డంగిలో ఉన్న వాళ్ల కంప్యూటరును ఇక్కడ కూర్చుని మీ సొంతదానిలా నడుపుకోవచ్చు అన్నాడు. క్లౌడంటే మబ్బు. మబ్బు పేరు పెట్టుకుని వచ్చినదాన్ని ఈ సీమలో పుట్టినవాళ్లెవరైనా నమ్ముతారా, నమ్మింది! అసలైన విద్యార్థి ఖాతాకు కార్డు అక్కర్లేదట, కాలేజీ పేరున మెయిలు ఉంటే చాలట. కాలేజీ ఆ మెయిలు ఇస్తే కదా! ఇస్తాం ఇస్తాం అని ఏడాదిగా ఆఫీసులో చెబుతూనే ఉన్నారు. అది లేనివాళ్లకు మామూలు ఉచిత ఖాతా, దానికి మాత్రం బ్యాంకు కార్డు కావాలి. నిజం మనిషివో కాదో తెలుసుకోవడానికే, రెండు రూపాయలు పట్టుకుని మళ్లీ వేసేస్తారు అన్నాడు సార్. మనిషని రుజువు చేసుకోవడానికి కార్డు కావాలా? కార్డు లేనివాళ్లు గొర్రెలా? అప్పుడే రావాల్సిన కోపం ఇప్పుడొస్తోంది, ఎవరిని ఉద్ధరించడానికి!

ఆమెకు సొంత కార్డు లేదు. అమ్మది ఉంది, హాస్టల్లో ట్రంకుపెట్టె అడుగున. అమ్మకు వేలిముద్ర తప్ప కార్డుతో పనిలేదు, పట్నంలో ఉండేదానివి నీ దగ్గరుంటే మంచిదని ఇచ్చేసింది. కార్డు మీది అంకెలు కొట్టింది జయంతి, ఓటీపీ అమ్మ ఫోనుకు పోయింది. వెంటనే అమ్మకు ఫోను చేసింది. అప్పుడు అమ్మ తటపటాయించింది, ఆ తటపటాయింపు ఇప్పుడు చెవిలో మళ్లీ మళ్లీ వినిపిస్తోంది. "గఫూరన్న ఈ నంబరు ఎవురికీ చెప్పద్దన్నాడు గదే," అంది. ఎవరడిగినా, బ్యాంకువాళ్లమని అడిగినా, కలెక్టరునని అడిగినా చెప్పొద్దని గఫూర్ మామ అంగడికొచ్చిన ప్రతి ఆడమనిషికీ నేర్పిపెట్టాడు. జయంతి నవ్వింది. "నేను ఎవురో అయినానా అమ్మా?" అంది. అమ్మ కూడా నవ్వి, బస్సు నంబర్లు చూసి నేర్చుకున్న అంకెల్ని ఒక్కొక్కటీ కూడబలుక్కుంటూ చదివింది. తప్పు చదివానేమోనని రెండోసారి కూడా చదివింది. పాపం, రెండోసారి కూడా!

కిటికీ బయట గాలిమరలు తిరుగుతున్నాయి. కొండ అంచున వరసగా, ఎవరూ తోలకపోయినా, ఎవరూ చూడకపోయినా. గాలి ఆగితే అవీ ఆగుతాయి. ఈ చుట్టుపక్కల అన్నీ అంతే కదా, ఏదైనా దానంతటదే ఆగుతుంది. వాన ఆగుతుంది, అడక్కుండానే. కరెంటు ఆగుతుంది. నాయన బోరు మోటారుకు ఆటో స్టార్టరు పెట్టించాడు, తనొక్కడే కాదు ఊరందరూ పెట్టించుకున్నారు. చేలకు కరెంటు ఏ వేళకొస్తుందో ఎవరికి తెలుసు, వస్తే మోటారు దానంతటదే తిరుగుతుంది, పోతే దానంతటదే నిలిచిపోతుంది. చేలకిచ్చే కరెంటుకు బిల్లు లేదు. స్విచ్చి వేసిందే వేసింది, ఇక దాని మొహం చూసేవాళ్లు లేరు. మోటారు ఆపడానికని పొలానికి పోయిన మనిషిని జయంతి పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఫోనూ అంతే, రీచార్జి అయిపోతే మాట మధ్యలో టక్కున ఆగుతుంది, అప్పు చేసి మాట్లాడించదు. అలాంటి ఊళ్లో పెరిగినదానికి, ఉచితంగా ఇచ్చిన లెక్క అయిపోతే మిషను దానంతటదే ఆగుతుందని కాక ఇంకేం తోస్తుంది? అయిపోయాక కూడా తిరుగుతూనే ఉంటుందని, తిరిగినంతసేపూ అమ్మ గొర్రెపిల్లల్ని మింగుతూనే ఉంటుందని ఎవరికి తోస్తుంది? కరెంటు ఎప్పటికీ పోని చోటు ఒకటి ఉందని, అక్కడ తన మిషను రాత్రీ పగలూ ఉత్తిపుణ్యానికి తిరుగుతోందని ఆమె కలలో కూడా అనుకోలేదు.

చేసింది చిన్న పని కూడా కాదు, అదే మంట. శెనక్కాయ ఆకు మీద మచ్చల్ని ఫోటో తీస్తే అది ఏ తెగులో చెప్పే ప్రాజెక్టు. నాయన చేలో తనే కూర్చుని వేల ఆకుల్ని ఫోటో తీసింది, ఎండకు ఫోను వేడెక్కి చచ్చిపోతే చీరకొంగు నీడ పట్టింది అమ్మ. ఉచితంగా ఇచ్చే చిన్న మిషను ఆ ఫోటోల్ని మోయలేకపోయింది. పెద్దది కావాలంటే ఈ బొత్తాం నొక్కి పూర్తి ఖాతాగా మార్చుకోండి, మీ ఉచిత లెక్క అలాగే ఉంటుంది అని పసుపుపచ్చ పట్టీలో ఒక మాట. అబద్ధం కాదు, అలాగే ఉంది, అయిపోయేదాకా ఉంది! ఆ తరవాత కార్డు మీద పడతాం అనే ముక్క మాత్రం పట్టీలో పట్టలేదు కాబోలు. నొక్కింది. పెద్ద మిషను తిరిగింది, ఆకుల్ని నేర్చుకుంది, సెమినార్లో తిక్కతెగులు ఫోటో చూపిస్తే తిక్కతెగులని చెప్పింది, అందరూ చప్పట్లు కొట్టారు. జాకబ్ సార్ భుజం తట్టాడు. జయంతి ఎదురుగా ఉన్న ల్యాబు కంప్యూటరును ఆపి, బల్ల తుడిచి, తలుపు దగ్గరగా వేసి హాస్టలుకు పోయింది. ఎదురుగా ఉన్నది ఆగింది, ఎక్కడో ఉన్నది ఆగలేదు. పరీక్షలు వచ్చాయి, పోయాయి. నీళ్లు లేని బోరులో మోటారు తిరిగినట్టు అది తిరుగుతూనే ఉంది. బోరు మోటారైతే కాలిపోయి కంపన్నా కొడుతుంది, దీనికి అదీ లేదు.

తప్పు తనదే, కాదనడం లేదు. కానీ ఒక్కసారి, ఒకే ఒక్కసారి, అమ్మాయ్ నీ మిషనుకు వారాలుగా పనేమీ లేదు, ఆపమంటావా అని అడగలేరా? దీపావళికి శుభాకాంక్షలు పంపడం తెలుసు వాళ్లకు. కొత్త కోర్సుల గురించి రోజుమార్చి రోజు మెయిళ్లు. నీ పేరు పెట్టి హాయ్ జయంతీ అని పిలుస్తారు, చిన్నప్పటి నుంచి ఒకే పలక మీద దిద్దుకున్నట్టు. డబ్బు విషయం వచ్చేసరికి ఆ గొంతు పోయింది. బిల్లు పేజీలో అక్షరాలూ అంకెలూ కలిపిన పేర్లు, గంటకింత, ఇంత నిల్వకింత, మిషనుకు నెట్టులో చిరునామా పట్టుకున్నందుకింత. చిరునామాకు కూడా అద్దె! ఆ చిరునామాకు ఒక్క ఉత్తరం రాలేదు కదరా నాయనా!

పొద్దున మిషను ఆపేసి, సహాయం అనే చోట మొరపెట్టుకుంది. మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం అని అరనిమిషంలో జవాబు, మనిషి కాదని తెలుస్తూనే ఉంది. మనిషివో కాదో అని తన దగ్గర కార్డు అడిగినవాళ్లు, మాట్లాడటానికి మనిషిని పెట్టరు. ఇప్పుడు బస్సు ఒక మిట్ట ఎక్కేసరికి ఫోను సన్నగా మోగి ఇంకో మెయిలు పడింది. ఆమె వెంటనే తెరిచి చదివింది. మీరు విద్యార్థి అయినందున, మా మంచితనంగా, ఈసారికి ఆ మొత్తాన్ని పరిశీలించి మీకు తిరిగి ఇవ్వడానికి ప్రయత్నిస్తాం అని మొదలైంది. ఇస్తారు! డబ్బు మళ్లీ ఖాతాలో పడితే ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. బ్యాంకువాళ్ల పొరపాటంట అనుకుంటారు, ఊరు రెండు రోజుల్లో మరిచిపోతుంది, గఫూర్ మామ కూడా నవ్వేసి ఊరుకుంటాడు. మంచివాడికి ప్రమాణం చేస్తే మాత్రం ఏం నష్టం, తీయనివాడు తీయలేదనే కదా చెబుతాడు. ఇంత సులువుగా ఉండగా నోరు తెరవడం ఎందుకు? తెరిస్తే ఇంకేముంది, చదువు చాలు ఇంట్లో ఉండు అంటారు, ఆడపిల్లకు కంప్యూటరు చదువెందుకు అన్న ప్రతివాడూ మీసం దువ్వుకుంటాడు. ఈ ఆలోచన ఎంత చల్లగా ఉందో అంత సిగ్గుగానూ ఉంది, అయినా దాన్ని పట్టుకునే ఆమె మెయిల్లో కిందికి జరిగింది. కింద ఉంది అసలు సంగతి. తిరిగి ఇచ్చేది డబ్బుగా కాదట. ఖాతాలో ఉచిత లెక్కగా వేస్తారట. దాంతో మా పెద్ద మిషన్లను మరిన్ని గంటలు వాడుకోవచ్చట!

జయంతికి నవ్వు రాబోయి ఏడుపొచ్చింది, ఏడుపు రాబోయి మళ్లీ కోపమే వచ్చింది. విత్తనకాయలు కొనుక్కోవాల్సిన డబ్బు పట్టుకుపోయి, దానికి బదులు దొంగ మళ్లీ తన ఇంటికే భోజనానికి పిలుస్తున్నాడు! ఇంకా కింద ఒక పంక్తి, మీరు పొద్దున మిషనును ఆపారు గాని తీసివేయలేదు, ఆపినా దాని నిల్వకూ చిరునామాకూ లెక్క పడుతూనే ఉంటుంది, తీసివేసేదాకా. అంటే ఇప్పుడు కూడా! ఈ బస్సులో కూర్చుని ఆమె మండిపడుతున్న ఈ గంటలో కూడా! ఆదరాబాదరాగా ఖాతా తెరవబోయింది. బస్సు మిట్ట దిగింది, కొండ అడ్డమొచ్చింది, తెల్లటి పేజీ మధ్యలో చిన్న సున్నా గిర్రున తిరగడం మొదలెట్టింది. తిరుగుతూనే ఉంది. రోడ్డుకు అడ్డంగా గొర్రెల మంద వచ్చి బస్సు ఆగింది, డ్రైవరు హారను కొట్టాడు, గొర్రెలకేం తొందర. పక్క సీటులో ముసలామె, "ఏం పాపా, యాల ఏడుస్తాండావు, ఎవురన్నా పోయినారా?" అంది. లేదవ్వా అని చెప్పి కళ్లు తుడుచుకుంది. పోయింది ఏమిటో ఈ అవ్వకు ఎలా చెప్పాలి, దొంగకు పేరు లేదు, ఊరు లేదు, మొహం లేదు.

గొర్రెలు దాటేలోపు ఫోను మోగింది, అమ్మ. "యాడుండావే?" అంది మారెక్క, వెనక ఎవరెవరివో గొంతులు. "పీర్ల చావిడి కాడ కూడినారు అందరూ. పంచాయితీ చెప్పేకి పెద్ద కుళ్లాయప్ప తాత వచ్చినాడు. గుండం మట్టి మీద చేయి పెట్టి ప్రమాణం చేయాలంట. మొదట నేను పెట్టాల. మా ఇంట్లో ఎవురి చేయీ ఆ దుడ్ల మీద పడలే, ఆ నంబరు మేం ఎవురికీ చెప్పలే అని. యెనక గఫూరన్న పెడతాడు." ఊరి పద్ధతి జయంతికి తెలియనిది కాదు, మొహరంకు నిప్పులు పోసే ఆ గుండం దగ్గర ఎవరినైనా ప్రమాణానికి పిలిస్తే, పిలిచినవాళ్లు ముందు పెట్టాలి చేయి. ఊరికే ఎవరి మీదా నింద వేయకుండా ఎప్పుడో పెద్దలు పెట్టిన కట్టు. అది మరిచేపోయింది. గఫూర్ మామ ప్రమాణం గురించే ఆలోచించింది, అమ్మది మరిచింది. అమ్మ అబద్ధం చెప్పబోతోంది, అబద్ధమని తెలియకుండా, కూతురు ఎవరో కాదు గనక. "అమ్మా," అంది. చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి, ఇంత బస్సు వింటుండగా, అటువైపు ఊరంతా వింటుండగా, ఎక్కడ మొదలుపెట్టాలి, కార్డు నుంచా, మబ్బు నుంచా అని ఒక్క ఊపిరి ఆలస్యం చేసింది. "అమ్మా, విను, చేయి..." ఫోను చెవిలో గాలి తప్ప ఏమీ లేదు. మళ్లీ చేసింది, పోలేదు. మళ్లీ చేసింది. ఎదురుగా ఆ తెల్ల పేజీలో సున్నా ఇంకా తిరుగుతోంది.

"అన్నా, లేటవుతాంది, బిన్నా పోనియ్యన్నా!" అని డ్రైవరు మీద అరిచింది, తన గొంతు తనకే కొత్తగా. బస్సు జనమంతా తిరిగి చూశారు. గఫూర్ మామ గుర్తొస్తున్నాడు, వద్దన్నా గుర్తొస్తున్నాడు. కౌన్సెలింగు రోజుల్లో కాలేజీల ఎంపికలు పెట్టడానికి ఆయన అంగడిలోనే కూర్చుంది, సర్వరు మొరాయిస్తే రెండు పూటలు ఆయన బిర్యానీ డబ్బాలోంచే తినిపించాడు. మా కూతురు సిమ్రాన్ ఇంటర్‌తో ఆపేసింది, నువ్వన్నా చదువు పాపా అన్నాడు. పోయిన నెల అమ్మ ఫోనుకు ఇంగ్లీషులో ఒక మెసేజి వస్తే అమ్మ చదివించడానికి ఆయన దగ్గరకే పోయింది. ఫలానా రోజున మీ ఖాతాలోంచి ఇంత తీస్తాం అని ముందుగా చెప్పే మెసేజి అది, ఇప్పుడు తెలుస్తోంది. ఏదో కంపెనీ పేరు చూసి, లోనిస్తాం అదిస్తాం అని రోజుకు పది వస్తుంటాయి, తీసెయ్ మారెక్కా అని ఆయనే తీసేశాడు. ఆ తీసేసిందే ఆయన మెడకు చుట్టుకుంది, సాక్ష్యం మాపినాడని. ఆ కంపెనీ ఎక్కడో హాయిగా ఉంది, జాకబ్ సార్ మధ్యాహ్నం క్లాసు చెప్పుకుంటున్నాడు, ఇక్కడ ఒక మనిషి ఏ సముద్రం అవతలివాళ్ల లెక్కకో పీర్ల చావిడి ముందు నిలబడ్డాడు. ఇంత కోపమూ పొద్దున్నుంచి ఎవరి కోసం పడింది తను? తన డబ్బు, తన చదువు, తనకు జరిగిన మోసం. ఆయన కోసం ఒక్క నిమిషమన్నా పడిందా? చెప్పకుండా తప్పించుకుందామనుకున్న ఆ చల్లటి ఆలోచన ఇంకా లోపలే ఉంది, దాన్ని తలుచుకుంటే ఆ కంపెనీ మీద వచ్చినంత అసహ్యమూ తన మీదే వచ్చింది.

బస్సు పూర్తిగా ఆగకముందే దూకింది. చావిడి ముందర జనం గుంపు కట్టారు, గుండం చుట్టూ అరుగు మీద పిల్లలు. అమ్మ చెప్పులు విడిచి, కొంగు నడుముకు చెక్కుకుని వంగుతోంది. "అమ్మా, చేయి పెట్టద్దు! పెట్టద్దమ్మా!" అని జయంతి పరిగెత్తింది. మారెక్క చేయి మట్టికి జానెడు దూరంలో ఆగింది. అందరి మొహాలూ ఇటు తిరిగాయి, ఆ మొహాల మధ్య గఫూర్ మామది ఒక్కటే తిరగలేదు, ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని నేలకేసి చూస్తూ నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు ప్రమాణానికి! జయంతి ఆయాసంతోనే చెప్పేసింది. "మామ తీయలే. నా వల్ల పోయినాయి. నీ కార్డు నేను ఒక కంపెనీకి ఇచ్చినా. ఆ పొద్దు ఓటీపీ నువ్వే చెప్పితివి గదమ్మా నాకు, ఫోన్లో." మారెక్క నిటారుగా లేచింది. "నీకు చెప్పితి," అంది నెమ్మదిగా. "నువ్వు ఎవురో కాదు గదే."

"కంపెనీకి యాల ఇస్తివి?" అన్నాడు నాయన సుంకప్ప. "ఫ్రీ అన్నారు నాయనా," అంది, అంతకంటే ఇంకేం చెప్పాలో తెలియలేదు, పొద్దున్నుంచి లోపల కుతకుతలాడిన ఇంత కథా ఆ ఒక్క మాటకు కుదించుకుపోయింది. ఎవరో కిసుక్కున నవ్వారు. గుంపు సడలింది, ఓస్ ఇంతేనా అన్నట్టు. పెద్ద కుళ్లాయప్ప తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "సరేలే, తెలిసిపాయ గదా. తెలీక చేసింది పాప. గఫూరూ, ఇంగ ప్రమాణమేం వద్దులేప్పా. పాండి, పాండి, అందరూ పాండి."

"ఎందుకొద్దు?" అన్నాడు గఫూర్.

గట్టిగా కూడా అనలేదు. పోబోతున్నవాళ్లు నిలబడిపోయారు. "నిన్నటి నుంచి నా అంగడి ముందర కూర్చోని అడిగితిరి గదా. పాప రాకపోయింటే ఇడిస్తాంటిరా నన్ను? నిలబడండి. ఒక్కరు కూడా పోవద్దండి." చెప్పులు విడిచాడు. మోకాళ్ల మీద కూర్చుని గుండం మట్టి మీద అరచేయి ఆనించాడు, ఆయన వీపు వెనక ఇస్త్రీ మడత ఇంకా చెదరలేదు. "మారెక్క సొమ్ము నేను ముట్టలే. ఈ ఊళ్లో ఎవురి సొమ్మూ ముట్టలే. ఎన్ని యేళ్లుగా మీ అందరి వేళ్లు ఆ మిషను మీద నేనే పట్టి పెట్టిస్తాండా, ఒక్క రూపాయి ముట్టలే." అప్పుడు తెలిసింది జయంతికి, ఆమె బస్సంతా మోసుకొచ్చింది కోపమే కాదని, కోపమంటే ఇదని. కుళ్లాయప్ప తాత ఎటో చూస్తున్నాడు. అమ్మ తలవంచుకుని కొంగు విప్పుకుంది, మళ్లీ చెక్కుకుంది.

గఫూర్ లేచి జయంతి ముందుకు వచ్చాడు. తిడతాడనుకుంది, తిడితే బాగుండనుకుంది. "ఆ మిషను ఇప్పుడన్నా ఆపినావా?" అన్నాడు. ఆపాను మామా, కానీ ఆపితే చాలదంట, తీసేయాలంట, సిగ్నలు లేదు అని ఆమె తడబడుతూ ఫోను చూపించింది, తెల్ల పేజీ, మధ్యలో సున్నా. ఆయన జేబులోంచి తన ఫోను తీసి, హాట్‌స్పాట్ పెట్టి, "మా నెట్టు పడుతుంది ఈడ. సిమ్రాన్ పేరే పాస్‌వర్డు, యెనక ఒకటీ రెండూ మూడు," అన్నాడు. ఎవరికీ చెప్పొద్దని ఊరందరికీ నేర్పిన మనిషి, ఊరందరి ముందరా చెప్పాడు. పేజీ తెరుచుకుంది. మిషను, నిల్వ, చిరునామా, మూడూ వరసగా. తీసేయమంటే, తీసేస్తే ఇక వెనక్కి రావు, నిశ్చయమేనా అని అడిగింది. ఎక్కించుకునేటప్పుడు ఒక్క ముక్క అడగనిది! వేల ఆకుల ఫోటోలూ, వాటి నుంచి మిషను నేర్చుకున్నదంతా అందులోనే ఉంది. జయంతి నొక్కింది. సున్నా తిరుగుతున్నంతసేపూ గఫూర్ తన ఫోనును ఆమె ఫోను పక్కన పట్టుకుని నిలబడ్డాడు, మొహం మాత్రం అటు తిప్పుకుని. అరచేతికి అంటిన మట్టి దులుపుకోలేదు.

"అయిందా?"

"అయింది మామా."

ఆయన ఫోను జేబులో పెట్టుకుని, అంగడి వైపు కాకుండా ఇంటి వైపు నడిచాడు. "గఫూరన్నా," అని మారెక్క పిలిచింది. ఇంకోసారి పిలిచింది. ఆయన ఆగలేదు.